ఆగే చోటు ముందే తేల్చుకోండి

రాజమండ్రిలో ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లను ఎవరినైనా కదిపి చూడండి. కాకినాడకి, అమలాపురంలో పెళ్లికి, ద్వారకా తిరుమల దర్శనానికి ధీమాగా వేసుకెళ్తారు. హైదరాబాద్ మాట ఎత్తగానే గొంతు కాస్త తగ్గుతుంది. "అంత దూరానికి పెట్రోలు కారే తీస్తామండీ" అంటారు. నాలుగు వందల ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దారి. మధ్యలో ఆగిపోతే ఎలా? పిల్లలున్నారు, పెద్దవాళ్లున్నారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ అది ఎక్కడ పుట్టిందో చూస్తే సగం దానంతటదే తగ్గుతుంది.

పెట్రోలు కారు మనకు ఒక అలవాటు చేసింది. ముల్లు కిందికి దిగాక చూసుకుందాంలే అనుకోవడం. ఏ వూరు దాటినా బంకు కనబడుతుంటే ఆ ధోరణి చెల్లిపోయింది. ఎలక్ట్రిక్ కారులో చెల్లదు. ఇంట్లో తేల్చుకోవలసిన నాలుగు సంగతులు తేల్చుకోకుండా ఎక్కితే, ఆ నాలుగూ దారిలో ఒక్కసారిగా మీద పడతాయి. అప్పుడు కారు తెర మీద అంకె తగ్గుతున్నకొద్దీ గుండె వేగం పెరుగుతుంది. పక్క సీటులో ఉన్నవాళ్లు మాటలు ఆపేస్తారు. బ్యాటరీలో ఇంకా నలభై శాతం ఉంటుంది గానీ, ఎక్కడ ఆగాలన్న నిర్ణయం మాత్రం ఇంకా జరిగి ఉండదు.

అందుకే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎంత దూరం వెళ్లగలం అన్న ప్రశ్నను పక్కన పెట్టండి. ఎక్కడ ఆగుతాం అన్నది ముందు తేల్చండి. దూరం సంగతి దాని వెంటే తేలిపోతుంది.

మన డెల్టాకి ఈ పద్ధతి కొత్త కాదు. కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, దాని వెంట సాగిన కాలువలు పొలాలకు నీళ్లే కాదు, మనుషులకు దారి కూడా ఇచ్చాయి. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది. అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా నీటి బాట ఉండేది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఆ బాటనే 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 1900లో హేవలాక్ వంతెన మీద రైలు గోదావరి దాటే వరకు ఈ ప్రాంతంలో దూర ప్రయాణమంటే చాలామందికి పడవే. పడవ వేగాన్ని పెంచడం ఎవరి వల్లా కాదు. కాబట్టి ఆలోచన అంతా లాకుల చుట్టూ తిరిగేది: ఏ లాకు ఎప్పటికి చేరతాం, అక్కడ ఎంతసేపు ఆగాలి, వంట ఎక్కడ, వేసవిలో కాలువలు కట్టేసే రోజులు ఎప్పుడు. ఆగడం ప్రయాణంలో భాగమని ఒప్పుకున్న మనుషులు వాళ్లు. ఎలక్ట్రిక్ కారు నడిపేవాడికి కావలసిన మనసు కూడా అదే. మీ దారిలో చార్జర్లే మీ లాకులు.

ముందు రాత్రి లెక్క

ఒక కాగితం తీసుకోండి. ఫోనులో కాదు, కాగితం మీదే. రాస్తే తప్ప మనసు లెక్కను నమ్మదు.

మీ కారు బ్యాటరీ 45 యూనిట్లదనుకుందాం. ఇంటి కరెంటు బిల్లులో చూసే యూనిట్టే ఇది కూడా. కంపెనీ వాళ్లు చెప్పిన రేంజిని మరిచిపోండి. అది రోలర్ల మీద, ఒక పద్ధతి ప్రకారం నడిపి తేల్చిన అంకె. దానిలో మీ అత్తగారి సూట్‌కేసులు లేవు, రోహిణి కార్తె ఎండ లేదు, ఎదురుగాలి లేదు. మీ కారు హైవే మీద యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో మీరే కొలవండి. దానికి మంచి దారి దగ్గరలోనే ఉంది. ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ వేసుకుని, జగ్గంపేట, కత్తిపూడి మీదుగా అన్నవరం వెళ్లి సత్యనారాయణస్వామిని చూసి రండి. రానూ పోనూ నూట యాభై కిలోమీటర్ల వరకు తిరుగుతారు. ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో చూసి భాగించండి. వచ్చిన అంకెనే ఇకపై నమ్మండి.

ఆ అంకె ఆరు అని వచ్చిందనుకోండి. 45 యూనిట్లకు 270 కిలోమీటర్లు. ఇందులో చివరి పదిహేను శాతాన్ని లెక్కలోంచి తీసేయండి. అది మీది కాదు. ట్రాఫిక్‌ది, వానది, పనిచేయని చార్జరుది. మిగిలిన ఎనభై అయిదు శాతానికి దాదాపు 230 కిలోమీటర్లు వస్తాయి. మీ ప్రణాళిక అంతా ఈ 230 లోపలే నడవాలి.

ఇప్పుడు హైదరాబాద్ దారి చూద్దాం. రాజమండ్రి నుంచి విజయవాడ 160 అనుకోండి. వందతో బయల్దేరితే నలభై శాతం చిల్లరతో చేరతారు. అక్కడ ఎనభై దాకా ఎక్కించుకోండి. విజయవాడ నుంచి సూర్యాపేట దాదాపు 140, అంటే యాభై రెండు శాతం ఖర్చు. ఎనభైలోంచి తీస్తే ఇరవై ఎనిమిదితో సూర్యాపేటలో ఉంటారు. మళ్లీ ఎనభై దాకా నింపితే, అక్కడి నుంచి హైదరాబాద్ శివారు 135 కిలోమీటర్లు, చేరేసరికి చేతిలో ఇంకా ముప్ఫై శాతం. రెండే రెండు ఆగుళ్లు. 30 కిలోవాట్ల చార్జరు దొరికితే మొదటి చోట ముప్పావుగంట లోపు, రెండో చోట ఓ యాభై నిమిషాలు. ఇంకా శక్తిగల చార్జరు దొరికి, మీ కారుకూ తీసుకునే సత్తా ఉంటే, అందులో సగంతో అయిపోతుంది. రాజమండ్రిలో తెల్లారకుండా బయల్దేరితే మొదటిది టిఫిను వేళకి, రెండోది భోజనం వేళకి సరిపోతాయి. ఎలాగూ ఆగే వేళలే కదా అవి.

ఇంత భయపడిన ప్రయాణం కాగితం మీద ఆరేడు వరసల్లో ముగిసింది. మనల్ని చాలాకాలంగా వెనక్కి లాగుతున్న పనుల్లో ఎన్నో ఇలాగే రాసి చూడక మిగిలిపోయినవి.

ఎనభై దగ్గరే ఎందుకు ఆపమంటున్నానంటే, ఆ తరవాత బ్యాటరీని కాపాడుకోవడానికి కారే కరెంటు తీసుకోవడం తగ్గించేస్తుంది. అక్కడి నుంచి ప్రతి శాతమూ నిదానంగా ఎక్కుతుంది. వంద చూసి తృప్తిపడదామని కూర్చుంటే మీ సమయం పోతుంది, వెనక నిలబడ్డవాళ్ల సమయమూ పోతుంది. తరవాతి చార్జరు మరీ దూరమైతే తప్ప ఎనభైకి తీగ తీసేయండి. చాలు అనుకునే గీత మనమే గీసుకోవడం అలవాటు కావాలి. ఈ కారు ఆ అలవాటును రోజూ సాధన చేయిస్తుంది.

మీది 2020 జనవరిలో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీ అయితే, బ్యాటరీ 30.2 యూనిట్లే. ఆగుళ్లు ఇంకొకటో రెండో పెరుగుతాయి, అంతే. 2024 చివర్లో మహీంద్రా తెచ్చిన కార్లలో 79 యూనిట్ల బ్యాటరీ కూడా ఉంది. దానితో ఒక్క ఆగుడుతో తేలిపోతుంది. అంకెలు మారతాయి, లెక్క పద్ధతి మారదు.

పాదం కింద ఉన్న బ్యాటరీ

ఏసీ వేస్తే చార్జింగ్ అంతా పోతుందేమోనని మండుటెండలో కిటికీలు దించుకుని వెళ్లేవాళ్లు ఉన్నారు. ఆ బాధ అక్కర్లేదు. మన ఎండల్లో కూడా ఏసీ గంటకు ఒకటీ ఒకటిన్నర యూనిట్ల దగ్గర తిరుగుతుంది. అసలు ఖర్చు వేగంలో ఉంది. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 80 మీద వెళ్తున్నప్పటి కన్నా 100 మీద గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 120 మీద రెండుంబావు రెట్లు. నాలుగు వరసల హైవే మీద కార్లకు గరిష్ఠ పరిమితి ఎలాగూ వందే. మీరు 85, 90 మధ్య స్థిరంగా ఉంచితే మీ యూనిట్ లెక్క నిలబడుతుంది. ఎవరో దాటేశారని పోటీకి దిగారా, కాగితం మీద రాసిన ఆరు అయిదుకు పడిపోతుంది, రెండు ఆగుళ్లూ ఇంకా సాగుతాయి. దూసుకెళ్లి మిగుల్చుకున్న పదిహేను నిమిషాలూ ఆ చార్జర్ల దగ్గరే ఖర్చయిపోతాయి.

మరొకటి. చార్జింగ్ అనుకున్నదానికన్నా ఎక్కువగా తగ్గుతోందని గమనించిన మరుక్షణమే వేగం తగ్గించండి. ఇరవై శాతానికి దిగాక తగ్గించి లాభం తక్కువ. యాభై దగ్గర పది కిలోమీటర్ల వేగం తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. చదువులోనైనా, అప్పు విషయంలోనైనా, ఆరోగ్యంలోనైనా తేడా చిన్నగా ఉన్నప్పుడు దిద్దుకునేవాడికి శ్రమ తక్కువ. ఈ మాట ఎవరు చెప్పినా తల ఊపుతాం. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు మాత్రం తెర మీద అంకె కదిలి వెంటనే చూపిస్తుంది. అందుకే ఈ ప్రయాణాలంటే నాకు అంత గౌరవం.

ఏ దారి?

ఒకప్పుడు విజయవాడ వెళ్లాలంటే రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం. ఇప్పుడు దివాన్‌చెరువు దగ్గర నుంచి గామన్ బ్రిడ్జి ఎక్కి కొవ్వూరు, దేవరపల్లి, నల్లజర్ల మీదుగా గుండుగొలను చేరే నాలుగు వరసల రోడ్డు ఉంది. ఫోనులో మ్యాపు చాలాసార్లు ఈ కొత్త దారే చూపిస్తుంది. సాఫీగా ఉంటుంది, వేగంగా పోవచ్చు. కానీ వేగంగా పోగల రోడ్డు మీద బ్యాటరీ కూడా వేగంగానే తగ్గుతుంది. పాత దారిలో వూళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, వేగం తక్కువ, ఖర్చు కూడా తక్కువే. అవసరమైతే వూళ్లో ఎవరినైనా సాయం అడగవచ్చు. నిండా చార్జింగ్ ఉన్న రోజు కొత్త దారి పట్టండి. ఏ కారణంగానో అరవై శాతంతో బయల్దేరక తప్పని రోజు పాత దారి మేలు. మ్యాపుకి మీ బ్యాటరీ సంగతి తెలియదు. దారి ఎంచుకునే బాధ్యత మీదే.

విశాఖ వైపు ఈ చింత లేదు. 190 కిలోమీటర్లు, నిండు చార్జింగుతో ఒక్క బిగిన చేరతారు. అయినా తుని దగ్గరో, అనకాపల్లి దగ్గరో ఒక చార్జరును కాగితం మీద రాసి ఉంచుకోండి. అది వాడకపోయినా సరే.

మారేడుమిల్లి సంగతి వేరు. గోకవరం, రంపచోడవరం దాటాక అడవి, ఘాటు మొదలవుతాయి. చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. సిగ్నల్ లేని చోట యాప్ తెరుచుకోదు, ఓటీపీ రాదు. కొండ ఎక్కడం గురించి కొందరు అతిగా భయపడతారు. లెక్క వేసి చూడండి: 1600 కిలోల బండి 300 మీటర్ల ఎత్తు ఎక్కడానికి కావలసిన శక్తి 1.3 యూనిట్లు. నష్టాలతో కలుపుకుని ఒకటిన్నర పైన అనుకోండి. దిగేటప్పుడు అందులో కొంత భాగం వెనక్కి బ్యాటరీలోకే చేరుతుంది. భయపడవలసింది కొండకు కాదు, కొండ మీద చార్జరు ఉంటుందిలే అన్న ఊహకు. ఈ దారికి వెళ్లేటప్పుడు రాజమండ్రిలో వంద చేసుకుని, తిరిగి రాజమండ్రి చేరేంత లెక్క చూసుకునే కదలండి.

అడగండి

కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో సవరించిన మార్గదర్శకాల్లో హైవేలకు రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక చార్జింగ్ స్టేషను, ప్రతి వంద కిలోమీటర్లకు దూర ప్రయాణపు వాహనాల కోసం ఫాస్ట్ చార్జింగ్ స్టేషను ఉండాలని చెప్పింది. మంచి నియమం. చార్జర్లు ఏటికేడు పెరుగుతున్నాయి కూడా. కానీ మీకు కావలసింది, రేపు ఉదయం తొమ్మిదింటికి మీరు చేరే చోట పనిచేస్తూ ఉండే ఒక్క చార్జింగ్ గన్ను. యాప్‌లో పచ్చ గుర్తు చూసి నమ్మకండి. చివరిసారి ఎవరు ఎప్పుడు చార్జింగ్ పెట్టుకున్నారో, వాళ్లేం రాశారో చూడండి. నిన్న సాయంత్రం పెట్టుకుని ఉంటే సగం నమ్మవచ్చు. మిగతా సగానికి ఫోను చేయండి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ముక్కూమొహం తెలియనివాళ్లకు ఫోను చేసి అడగడమంటే మొహమాటం. చదువుకుని పెద్ద ఉద్యోగాలు చేస్తున్నవాళ్లలో కూడా ఈ బెరుకు కనిపిస్తుంది. కష్టపడి పోగొట్టుకోవలసిన బెరుకు ఇది. మాట చాలా చిన్నది. "బాబూ, రాజమండ్రి నుంచి వస్తున్నామండీ. మీ బంకులో కారు చార్జరు పనిచేస్తోందాండీ? కరెంటు ఉందాండీ?" అటునుంచి "ఆయ్, పొద్దున్నే ఒక కారు పెట్టుకెళ్లిందండీ, వచ్చెయ్యండి" అన్న మాట వస్తే, ఆ ఒక్క మాటతో వంద కిలోమీటర్లు నిశ్చింతగా నడుపుతారు. "రెండ్రోజుల నుంచి చెడిపోయిందండీ" అంటే ఇంకా మంచిది. ఆ సంగతి మీకు ఇంట్లోనే తెలిసింది.

చెడిపోయి ఉంటే ఏం చేయాలన్నదీ ముందే రాసుకోవాలి. ప్రతి ఆగుడుకూ రెండో పేరు ఒకటి ఉండాలి. మొదటి చార్జరు దగ్గరకు చేరినప్పుడు, రెండోదాని దాకా వెళ్లేంత చార్జింగ్ మిగిలి ఉండాలి. ఏలూరు అనుకుంటే హనుమాన్ జంక్షన్ దగ్గర ఇంకొకటి. సూర్యాపేట అనుకుంటే దానికి ముందే కోదాడలో ఒకటి. తరవాతి చార్జరు మరీ దూరంలో ఉంటే ముందరి దానిలోనే కాసేపు పెట్టుకుని కదలండి. ఇదంతా పిరికితనం అనుకోవద్దు. రెండో దారి ఉందని తెలిసినవాడే మొదటి దారిలో నిబ్బరంగా నడవగలడు.

యాప్‌లు రెండు మూడు వేసుకుని, ఒక్కోదానిలో కాస్త డబ్బు ముందే జమచేసి ఉంచుకోండి. మ్యాపును ఫోనులో దించుకోండి. కారులో మీరొక్కరే కాకుండా ఇంకొకరి ఫోనులో కూడా ఆ యాప్‌లు ఉంటే మంచిది. రోడ్డు మీద ఏ ఇబ్బంది వచ్చినా జాతీయ రహదారుల సంస్థ నంబరు 1033 గుర్తుంచుకోండి. కారు కదలకపోతే చక్రాలు నేల మీద దొర్లేలా తాడు కట్టి లాగించకండి, మోటారు పాడవుతుంది. లారీ మీదకు ఎక్కించి తీసుకెళ్లమని గట్టిగా చెప్పండి. కొన్ని కార్లలో స్టెప్నీ ఉండదు, గాలి కొట్టే చిన్న మిషను డిక్కీలో ఉండాలి. ఇవి చిన్న సంగతులే.

కారులో ఉన్నవాళ్లతో

ప్రణాళిక మీ బుర్రలోనే ఉంటే, దారిలో ప్రతి ఆగుడూ వెనక సీటుకు ఒక అనుమానం. "మళ్లీ ఎందుకాపావురా?" అని నాన్నగారు అడుగుతారు. "నేను ముందే చెప్పాను" అన్న మాట ఎక్కడినుంచో వస్తుంది. ముందు రాత్రి భోజనాల దగ్గరే చెప్పండి: "అత్తయ్యగారూ, పొద్దున్న అయిదింటికి బయల్దేరదాం. విజయవాడ దగ్గర ముప్పావుగంట ఆగుతాం, అక్కడ టిఫిను. మీ షుగరు మాత్ర అక్కడ వేసుకుందురుగాని. సూర్యాపేటలో భోజనం." పెద్దవాళ్లకు ఎన్నింటికి ఆగుతామో తెలిస్తే చాలు, మిగతాది వాళ్లే సర్దుకుంటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు రెండు రెండున్నర గంటలకోసారి దిగి నాలుగడుగులు వేయడం ఎంతో సుఖం. పెట్రోలు కారులో "ఇంకో అరగంటలో ఆపుతానమ్మా" అంటూ నాలుగు గంటలు కూర్చోబెట్టిన రోజులు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాళ్లు నోరు తెరిచి అడగరు. ఈ కారు అడగకుండానే ఆపుతుంది.

పిల్లలకి ఒక పని అప్పగించండి. పదేళ్ల పిల్ల అయితే ప్రతి యాభై కిలోమీటర్లకు ఎంత శాతం తగ్గిందో కాగితం మీద రాయాలి. అనుకున్న అంకెకు, వచ్చిన అంకెకు తేడా ఆ పిల్లే చెప్పాలి. బడిలో శాతాల లెక్క ఎందుకు నేర్చుకుంటున్నామో అడగాల్సిన అవసరం ఇక రాదు.

చార్జరు దగ్గర మన నడత కూడా ఆ పిల్లలు చూస్తూనే ఉంటారు. తీగ తగిలించి కారును వదిలేసి భోజనానికి వెళ్లిపోయి గంటన్నరకు తిరిగొస్తే, వెనక నిలబడ్డ కుటుంబానికి ఆ గంటన్నర ఎలా గడిచిందో మనకు తెలియదు. ముందు అద్దం దగ్గర మీ ఫోను నంబరు రాసి పెట్టండి. ఎనభైకి ఎప్పుడు చేరుతుందో చూసుకుని అయిదు నిమిషాల ముందే వచ్చి నిలబడండి. మీ తరవాత ఉన్న కారులో పసిబిడ్డ ఉండి, వాళ్లకు పది శాతమే మిగిలి, మీకు అరవై ఎక్కి ఉంటే, మీ కాగితం తీసి చూడండి. తరవాతి మజిలీకి అరవై చాలితే వాళ్లకు వదిలేయండి. పదిహేను శాతం పక్కన పెట్టుకుని లెక్క వేసినవాళ్లకే ఇలాంటి ఉదారత సాధ్యం. బొటాబొటిగా బయల్దేరినవాడు ఇవ్వాలనుకున్నా ఇవ్వలేడు.

వూళ్లో ఇంటి దగ్గర

కోనసీమలోనో, పాలకొల్లు దగ్గరో అమ్మమ్మగారింటికి వెళ్తారు. రాత్రికి వాకిట్లో చార్జింగ్ పెట్టుకుందామనుకుంటారు. పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా ఉండదు. ఎర్త్ లేకపోతే కారుతో వచ్చిన చార్జరు ఎర్ర దీపం చూపించి వూరుకుంటుంది, మంచిదే, అది మీ ప్రాణం కోసం. వెళ్లడానికి వారం ముందే మావయ్యకు ఫోను చేసి, ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ గొయ్యి చూపించి, వాకిలికి దగ్గరగా 15 ఆంపియర్ల పవర్ ప్లగ్గు ఒకటి పెట్టించమనండి. ఖర్చు మీరే ఇవ్వండి. ఎక్స్‌టెన్షన్ బోర్డులతో గదిలోంచి గదిలోకి తీగ లాగవద్దు. గంటల తరబడి పదిహేను ఆంపియర్లు మోసే శక్తి వాటికి ఉండదు.

ఆ ప్లగ్గు మీద గంటకు మూడు యూనిట్ల చిల్లర ఎక్కుతుంది. ఇరవై శాతంతో చేరి రాత్రి పదింటికి తగిలిస్తే తెల్లారి అయిదుకు నిండదు. చేరిన వెంటనే, మంచినీళ్లు తాగకముందే తగిలించండి. వానాకాలంలో లైను పోయే వూళ్లైతే ఒక రాత్రిని కాదు, రెండు రాత్రులను లెక్కలోకి తీసుకోండి. కరెంటు సంగతికి 1912కి ఫోను చేయవచ్చు. వూళ్లో లైన్‌మన్ అయితే ఇంకా కచ్చితంగా చెబుతాడు.

పొలం మోటారు దగ్గర త్రీఫేజు ఉంది కదా, అక్కడ పెట్టుకుందాం అనేవాళ్లు ఎదురవుతారు. వద్దనండి. రైతు మోటారుకు ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న కరెంటు అది. పాతిక లక్షల కారు కొనగలిగినవాళ్లు దాని మీద చెయ్యి వేయకూడదు.

ఇంకో సంగతి. వెళ్లే దారి గురించి ఇంత ఆలోచించినవాళ్లు తిరుగు ప్రయాణాన్ని గాలికి వదిలేస్తారు. పెళ్లికి చేరాం, హమ్మయ్య అనుకుంటారు. అప్పగింతలయ్యాక అర్ధరాత్రి బయల్దేరాలంటే కారులో ఇరవై రెండు శాతం. కాగితం మీద తిరుగు లెక్క లేనిదే ప్రయాణం ఖరారు చేయకండి. కల్యాణ మండపం మేనేజరును వారం ముందే అడగండి, జనరేటరు షెడ్డు పక్కన ప్లగ్గు ఉందో లేదో అతనికి తెలుసు.

పండగ రోజులు

సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అవుతుంది, గోదావరి జిల్లాలు నిండుతాయి. భోగికి ముందు రెండు రోజులు పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల వరస ఎలా ఉంటుందో ప్రతి ఏడూ టీవీలో చూస్తాం. అదే వరస చిన్నరూపంలో ప్రతి చార్జరు దగ్గరా ఉంటుంది. ఇది మన దగ్గరే కాదు. 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్‌వే అయిన నార్వేలో కూడా ఈస్టర్ సెలవులకు చార్జర్ల దగ్గర వరసలు కడతారు. చార్జర్లు ఎన్ని పెరిగినా అందరూ ఒకేరోజు ఒకేవేళకు బయల్దేరితే నిలబడక తప్పదు. కాబట్టి వేళ మార్చండి. రాత్రి రెండుకు బయల్దేరి తెల్లారేసరికి విజయవాడ దాటండి, లేదా పండగకు నాలుగు రోజుల ముందే అమ్మను, పిల్లలను తీసుకొచ్చి దింపండి. సూర్యాపేట, విజయవాడ లాంటి అందరూ ఆగే చోట్లను వదిలి, వాటికి ముప్ఫై కిలోమీటర్లు ముందో వెనకో ఉన్న చార్జరును ఎంచుకోండి. అక్కడ టిఫిను బాగుండకపోవచ్చు. డబ్బాలో పులిహోర పెట్టుకెళ్తే సరి. ప్రతి ఆగుడుకూ అదనంగా గంట వేసుకోండి. ఆ గంట ఖర్చు కాకపోతే ఇంటికి ముందే చేరతారు, ఎవరూ ఏమీ అనరు.

ఆ పండగ రద్దీని మించింది 2027లో రాజమండ్రికి రాబోతోంది. గోదావరి పుష్కరాలు. 2015 పుష్కరాలకు మన వూరికి వచ్చిన కార్లలో ఎలక్ట్రిక్‌వి వెతికినా దొరకవు. ఈసారి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, చెన్నై నుంచి మన చుట్టాలు వేసుకొచ్చే బళ్లలో చాలా వాటికి తీగ కావాలి. దానవాయిపేటలోనో, మోరంపూడి వైపో అపార్ట్‌మెంటులో ఉంటున్నవాళ్లు ఈ నెల అసోసియేషను మీటింగులోనే ఆ మాట ఎత్తండి: కింద పార్కింగులో అతిథుల కోసం మీటరు వేసిన రెండు పవర్ ప్లగ్గులు, సరైన ఎర్తింగు, వాడుకున్న యూనిట్లకు వసూలు చేసే ఒక పుస్తకం. లోడు పెంచడానికి కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ పనికి వారాలు పట్టవచ్చు. సొంత ఇల్లు ఉన్నవాళ్లు ఎలక్ట్రీషియన్ను ఇప్పుడే పిలవండి. పుష్కరాల నెలలో ఆయన మీకు దొరకడు.